రోజూ మూడు సంతోషాలు రాయమంటే, రెండు చాయే అవుతున్నాయి

ప్రశ్న (మిర్చి గుమస్తా, వరంగల్):
నాకు 51 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాను. మిర్చి సీజన్ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు మొదటి వేలం, మొదలు రాత్రి లెక్క కుదిరేదాకా టెన్షనే. మొన్న బీపీ చూసిన డాక్టర్ గోళీలు రాసి, "కొంచెం సంతోషంగా ఉండండి" అన్నాడు, అదీ మెడికల్ షాపులోనే దొరుకుతుందన్నట్టు. డిగ్రీ చదివే మా బిడ్డ ఒక నోట్‌బుక్ ఇచ్చి, "రోజుకు మూడు మంచి సంగతులు రాయి బాపూ" అంది.

ఇరవై రోజులు రాశాను. తిరగేసి చూస్తే ఏముంది? చాయ్, చాయ్, ఫ్యాన్ గాలి. చాయ్, కరెంటు పోలేదు, మళ్లీ చాయ్. బిడ్డ చూస్తే నవ్వుతుందని బీరువా మీద దాచాను. నా బతుకులో ఉన్నదే ఇంతా, లేక నాకే కనిపిస్తలేదా? ఇట్లా రాసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జవాబు (హన్మకొండ, సైకాలజీ చెప్తాను):
అన్నా, రోజూ రాయాలని ఏం లేదు. అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లో అనే ఇద్దరు 2003లో అచ్చువేసిన పరిశోధనలో, ఒక గుంపుతో వారానికి ఒక్కసారి, తమకు మేలు అనిపించిన సంగతులు ఐదు దాకా రాయించారు, పది వారాలు. చికాకులు రాసిన ఇంకో గుంపుకంటే వీళ్లకు తమ బతుకు మీద తృప్తి ఎక్కువ కనిపించింది. మీరూ ఆదివారం ఒక్కరోజు రాయండి. ఇంకొక మాట. ఉత్త "చాయ్" అని రాస్తే అది పద్దు, మీకు తెలియనిదేముంది! ఎవరు తెచ్చారు, పక్కన ఎవరున్నారు, అప్పుడేం జరిగింది, అవి రాయండి. గోళీలు మాత్రం ఆపకండి.

జవాబు (కాజీపేట, రిటైర్డ్ రైల్వే):
తమ్మీ, నేను రాయను, తింటాను. మా ఇంటామె గంజుకు సర్వపిండి ఒత్తిన రోజు అంచున ఎర్రగా కాలిన ముక్క నాది. డ్యూటీ ఉన్నన్నాళ్లు అది చల్లారి, మెత్తబడ్డాకే నా నోటికి అందేది. ఇప్పుడు పొయ్యి పక్కనే పీట వేసుకుంటాను. వేళ్లు కాలుతాయి, పల్లీ గింజ పంటికింద పటుక్కుమంటుంది. తిన్నాక మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తాను, వాడు కుళ్లుకోవాలి కదా. "గిదేమన్న పండుగనా?" అంటుంది ఆమె. అవును మరి.

జవాబు (పేరు ఎందుకులే):
జీతం పెంచమని సేఠ్‌ను అడగండి. నోట్‌బుక్ అక్కర్లేదు.

మిర్చి గుమస్తా:
పేరు చెప్పని తమ్మీ, అడిగాను. నోట్‌బుక్‌లో రాసుకునేంత జవాబు రాలేదు.

ఇక సైకాలజీ తమ్ముడు చెప్పినట్టు ఆదివారం కూర్చున్నాను. చాయ్ గురించే ఒకటిన్నర పేజీ అయింది. బస్తాలు దించే హమాలీ ఒకాయన నేను కాంటా దగ్గర ఉన్నప్పుడు నా గ్లాసు మీద అట్టముక్క మూత పెడతాడు, మిర్చి దుమ్ము పడకుండా. ఎన్నో ఏళ్లుగా పెడుతున్నాడు. నేను మూత తీసి తాగడమే గాని, ఎవరు పెట్టారని ఒక్కసారీ అనుకోలేదు. సోమవారం ఆయనకూ ఒక చాయ్ చెప్పి, ఏ ఊరని అడిగాను. నర్సంపేట దగ్గర పల్లె అట. ఇంకేదో చెప్పబోయాడు, అంతలో ఇద్దరికీ తుమ్ములు అందుకున్నాయి.

నోట్‌బుక్ బిడ్డకు చూపించాను. "మళ్లీ చాయేనా బాపూ" అని మొత్తం చదివింది.