మాస్టర్ పేజీ ఐటమ్స్‌ని పేజీ మీద ఓవర్‌రైడ్ చేయొచ్చా, అసలు ముట్టుకోకూడదా?

ఫోలియో:
ఇన్‌డిజైన్ (పుస్తకం పేజీలు కూర్చే ప్రోగ్రాము) ఫైలు, డెమ్మీ 1/8 (140 × 216 మి.మీ.), 240 పేజీలు, 18 అధ్యాయాలు. లోపలి మార్జిన్ 15, బయటిది 13. పర్‌ఫెక్ట్ బైండింగ్‌లో (పేజీల నడుముకు జిగురు పెట్టి అతికించే పద్ధతి) అక్షరాలు నడుములోకి పోతాయి కాబట్టి లోపలి మార్జిన్ 18 కావాలి. ఎ-మాస్టర్ (పేజీలన్నిటికీ వర్తించే నమూనా పేజీ) మీద ఫ్రేములు (మేటర్ పట్టే పెట్టెలు) జరిపితే దాదాపు 200 పేజీలు జరిగాయి, 40 పేజీలు ఉన్నచోటే ఉన్నాయి. ఎడమ పేజీల పైన ఉండే అధ్యాయం పేరు ప్రతి పేజీలోనూ విడిగా ఓవర్‌రైడ్ చేసి (మాస్టర్ నుంచి వచ్చినదాన్ని ఆ పేజీలోనే మార్చి) టైపు చేసినదే. ఇంత దూరం వచ్చాక, అసలు ఓవర్‌రైడ్ చేయడమే తప్పంటారా?

పాతకూర్పరి:
తప్పే. మాస్టర్ మీద పెట్టిన దాన్ని పేజీ మీద ముట్టుకుంటే ఆ పేజీ మాస్టర్ చేయి దాటినట్టే. పాత కూర్పు ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7.0లో ఈ తలనొప్పి లేదు. మాస్టర్ ఐటమ్ పేజీ మీద సెలక్టే కాదు. వ్యూ మెనూలో 'డిస్‌ప్లే మాస్టర్ ఐటమ్స్' తీసేస్తే అన్నీ పోతాయి, పెడితే అన్నీ వస్తాయి. వేరే రకం పేజీ కావాలంటే వేరే మాస్టర్ చేసుకోవాల్సిందే. ఉచితంగా దొరికే కూర్పు ప్రోగ్రాము స్క్రైబస్‌లోనూ మాస్టర్ ఐటమ్‌ని పేజీ మీద నేరుగా మార్చలేం. ఇన్‌డిజైన్‌లోనూ అదే క్రమశిక్షణ పాటించాలి.

గట్టర్:
పాతకూర్పరి గారూ, పేజ్‌మేకర్‌లో తలనొప్పి లేదంటే ఒప్పుకోను. అక్కడ అన్నీ లేదా ఏదీ వద్దు కాబట్టే, ఒక్క హెడర్ లైను దాచడానికి దాని మీద తెల్ల డబ్బా పెట్టేవారు. తర్వాత మాస్టర్‌లో హెడర్ 2 మి.మీ. పైకి జరిపితే డబ్బా మాత్రం కదలదు, సగం అక్షరాలు దాని పైనుంచి తొంగిచూస్తాయి. అది చేత్తో చేసిన ఓవర్‌రైడే కదా, కాకపోతే ప్రోగ్రాముకు తెలియని ఓవర్‌రైడ్.

ఇన్‌డిజైన్‌లో కంట్రోల్+షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేసినంత మాత్రాన మాస్టర్‌తో బంధం తెగదు. మీరు మార్చిన గుణం ఒక్కటే ఆ పేజీ సొంతమవుతుంది. రంగు మార్చారనుకోండి, మాస్టర్‌లో మళ్ళీ రంగు మార్చినా ఇక్కడికి రాదు. కానీ అక్కడ ఫ్రేము జరిపితే ఇక్కడా జరుగుతుంది. అక్షరాలు మార్చితే మాస్టర్ అక్షరాలు రావు, స్థానం మాత్రం వస్తుంది. పూర్తిగా తెగేది 'డిటాచ్' కొట్టినప్పుడే. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే ఓవర్‌రైడ్‌కి చెడ్డపేరు వచ్చింది.

ఫోలియో గారి ఫైలులో కదలని 40 పేజీల్లో బాడీ ఫ్రేము అడుగు అంచు పట్టుకుని పైకి లాగి ఉంటారు. బొమ్మకు చోటు కోసమో, పేరా చివరి లైను ఒంటరిగా మిగలకూడదనో అలా చేస్తారు. సైజు మార్చితే ఆ ఫ్రేము కొలతలు పేజీ సొంతమైపోతాయి. మేటర్ తర్వాతి పేజీకి నెట్టాలంటే ఫ్రేము లాగకండి, ఫ్రేమ్ బ్రేక్ వేయండి (షిఫ్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్ ఎంటర్). బొమ్మకు చోటు కావాలంటే బొమ్మకే టెక్స్ట్ ర్యాప్ (మేటర్ బొమ్మను తప్పుకుని పారే అమరిక) పెట్టండి.

పాతకూర్పరి:
గట్టర్ గారూ, ఏ గుణం ఎక్కడ తెగిందో గుర్తుపెట్టుకునేది ఎవరు? ఒక ఫైలు మీద ముగ్గురు కూర్చుంటే ఎవరు ఏం లాగారో పేజీల ప్యానెల్‌లో కనపడదు. ప్రెస్సుకు వెళ్ళాక తెలిస్తే ప్లేట్లు మళ్ళీ తీయాలి. అందుకే మాస్టర్ మీద పేజీ నంబరు ఫ్రేము సెలక్ట్ చేసి 'అలౌ మాస్టర్ ఐటమ్ ఓవర్‌రైడ్స్ ఆన్ సెలక్షన్' టిక్కు తీసేయమంటాను. కొత్త వెర్షన్లలో మాస్టర్‌కి బదులు పేరెంట్ అనే మాట ఉంటుంది, పని అదే. అధ్యాయం పేర్లకు చైల్డ్ మాస్టర్లు చేయండి. ఎ మీద ఆధారపడ్డ బి, సి, డి... అధ్యాయానికి ఒకటి.

ఒత్తులు:
నంబరుకి తాళం వేయడం సరే. కానీ చైల్డ్ మాస్టర్ కూడా ఓవర్‌రైడే కదా అండీ. బి-మాస్టర్ మీద ఎ నుంచి వచ్చిన హెడర్‌ను కంట్రోల్+షిఫ్ట్+క్లిక్ చేసే కదా పేరు మార్చేది. 18 అధ్యాయాలకు 18 మాస్టర్లు, ఒక అధ్యాయం పక్క పేజీకి పాకితే ఆ పేజీకి మాస్టర్ మళ్ళీ మార్చాలి.

రన్నింగ్ హెడర్ వేరియబుల్ (అధ్యాయం శీర్షికను తనంతట తానే తెచ్చి చూపే గుర్తు) వాడితే ఒక్క మాస్టర్ చాలు. టైప్ మెనూలో టెక్స్ట్ వేరియబుల్స్, డిఫైన్, న్యూ. రకం 'రన్నింగ్ హెడర్ (పారాగ్రాఫ్ స్టైల్)', స్టైల్ దగ్గర అధ్యాయం పేరుకు వాడినది ఎంచుకోండి. దాన్ని మాస్టర్ హెడర్ ఫ్రేములో పెడితే, పేజీలో శీర్షిక లేకపోతే వెనక పేజీల్లో చివరిగా వచ్చిన శీర్షికను అదే తీసుకుంటుంది.

ఒక చిక్కు ఉంది, తెలుగులో అది ఎక్కువగా తగులుతుంది. వేరియబుల్ రెండో లైనుకు విరగదు. మన అధ్యాయాల పేర్లు పొడుగు కాబట్టి అక్షరాలన్నీ ఒక్క లైనులో నలిగిపోయి ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడు 'రన్నింగ్ హెడర్ (క్యారెక్టర్ స్టైల్)' పెట్టి, శీర్షికలో కావలసిన మూడు నాలుగు మాటలకు మాత్రం ఏ ఫార్మాటూ లేని ఒక క్యారెక్టర్ స్టైల్ వేయండి. హెడర్‌లో అవే వస్తాయి. హెడర్ పేరా స్టైల్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ (తెలుగు లాంటి లిపులను సరిగ్గా కూర్చే అమరిక) ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే యూనికోడ్ తెలుగులో ఒత్తులు విడిపోతాయి.

ఫోలియో:
అయితే 'రిమూవ్ ఆల్ లోకల్ ఓవర్‌రైడ్స్' కొట్టి అన్నీ మొదటికి తెచ్చేయనా?

గట్టర్:
వద్దు, దయచేసి ఆ పని చేయకండి! అది ఆ స్ప్రెడ్‌లో (ఎదురెదురు పేజీల జతలో) బాడీ ఫ్రేముని కూడా పట్టుకుంటుంది. ముందు ఫైలుకు కాపీ తీయండి. వేరియబుల్‌ను మాస్టర్‌లో ఇప్పుడున్న హెడర్ ఫ్రేములోనే పెట్టండి. పాతది డిలీట్ చేసి కొత్తది గీస్తే, ఓవర్‌రైడ్ అయిన పేజీల్లో పాత హెడర్ అలాగే ఉండిపోయి రెండూ కనిపిస్తాయి. తర్వాత పేజీల మీద హెడర్ ఫ్రేము ఒక్కటే సెలక్ట్ చేసి 'రిమూవ్ సెలక్టెడ్ లోకల్ ఓవర్‌రైడ్స్' కొట్టండి. టైపు చేసిన పేరు పోయి వేరియబుల్ వస్తుంది.

బాడీ ఫ్రేములకు ఆ కమాండ్ వాడొద్దు. కదలని 40 పేజీల్లో ఫ్రేము సెలక్ట్ చేసి, పైన ఎక్స్ గడిలో ఉన్న అంకె పక్కన కుడి పేజీ అయితే +3, ఎడమ పేజీ అయితే -3 కొట్టండి. ఫ్రేములన్నీ ముందు ఒకే చోట ఉన్నాయో లేదో చూసుకోవాలి.

మార్జిన్ గురించి ఇంకో మాట. లోపల 3 పెంచి బయట 13 అలాగే ఉంచితే లైను వెడల్పు 112 నుంచి 109కి తగ్గుతుంది. మేటర్ జారి 240 పేజీలు లెక్క ప్రకారం 246, 247 అవుతాయి. 240 అంటే 16 పేజీల ఫారాలు (ఒకే కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్టలు) సరిగ్గా 15. పదహారో ఫారం ఆరేడు పేజీల కోసం పడుతుంది, విషయసూచిక నంబర్లూ మారతాయి. బయటి మార్జిన్ 10 చేసి వెడల్పు 112 ఉంచండి, ఒక్క లైను కూడా జారదు.

పాతకూర్పరి:
10 మి.మీ. బయటి మార్జిన్ కటింగ్‌లో కాస్త ఇరుకే, ప్రెస్సు వాళ్ళను ఒకసారి అడగండి. వేరియబుల్ సంగతి ఒప్పుకుంటున్నా, చైల్డ్ మాస్టర్ల కంటే అది మేలు. తాళం విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను. ఫోలియో గారూ, పేజీ నంబరు ఫ్రేముని పై లేయర్‌లో పెట్టండి. ఒకే లేయర్‌లో మాస్టర్ ఐటమ్స్ అన్నిటికంటే అడుగున ఉంటాయి, పేజీ నిండా బొమ్మ పెడితే నంబరు దాని కింద పడిపోతుంది. అది చూసి మళ్ళీ ఎవరో ఓవర్‌రైడ్ చేసి పైకి తెస్తారు. బొమ్మలు మేటర్‌లో యాంకర్ అయి (అక్షరాలకు కట్టి) ఉంటే అవే జరుగుతాయి. విడిగా పెట్టినవి మాస్టర్‌కి చెందవు, ఒక్కొక్కటే 3 మి.మీ. జరపాలి.