ఓవెన్స్ అండ్ ముర్రే లీగ్ పాత రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం, ఆస్ట్రేలియాలో ఊళ్ల ఫుట్‌బాల్ (సాకర్ కాదు, ఆస్ట్రేలియన్ రూల్స్) చరిత్ర తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త హెల్ప్ చేయండి. మేం ఉండేది వొడోంగా, ఇక్కడి ఓవెన్స్ అండ్ ముర్రే లీగ్ 1893లో మొదలైంది, ముర్రే నదికి అటూ ఇటూ అంటే విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రెండు రాష్ట్రాల ఊళ్లూ ఇందులో ఆడతాయి. నేను దీని గురించి తెలుగులో వివరంగా రాద్దామనుకుంటున్నా. మాక్ హోల్టెన్ కోచ్‌గా ఉన్నప్పుడు వాంగరట్టా ఊరి క్లబ్ 1949 నుంచి 52 దాకా వరసగా నాలుగు సార్లు గెలిచింది, ఆయనే తర్వాత ఎంపీ అయ్యి మంత్రి కూడా అయ్యాడు, మెల్‌బోర్న్ పెద్ద క్లబ్ కాలింగ్‌వుడ్ స్టార్ బాబ్ రోజ్ వచ్చి అదే ఊరి ఇంకో క్లబ్ వాంగరట్టా రోవర్స్‌కి కోచింగ్ ఇచ్చాడు, చదువుతుంటే భలే ఉంటుంది.

ఇంతవరకు ట్రోవ్‌లో (ఆస్ట్రేలియా నేషనల్ లైబ్రరీ వెబ్‌సైట్) పాత పేపర్లు చూసి రాసుకున్నా, కానీ అక్కడ చాలా పేపర్లు 1954 దాకానే ఉన్నాయి. నాకు ముఖ్యంగా కావాల్సింది ఆ తర్వాతి కాలం, కోరోవా, రూథర్‌గ్లెన్ క్లబ్బులు 1979లో కలిసిపోయాయి కదా, నది ఇవతల ఒకటి అవతల ఒకటి, అన్నేళ్లు పోటీ పడ్డవాళ్లు ఒకే జెర్సీ వేసుకోడానికి ఎలా ఒప్పుకున్నారు, మీటింగుల్లో ఏం మాట్లాడుకున్నారు, అది కావాలి నాకు. మెల్‌బోర్న్ స్టేట్ లైబ్రరీలో మైక్రోఫిల్మ్ చూసినవాళ్లు ఉన్నారా, ముందే బుక్ చేసుకోవాలా? క్లబ్ మినిట్స్ పుస్తకాలు అడగాలంటే సెక్రటరీకి మెయిల్ పెట్టాలా లేక శనివారం మ్యాచ్‌కి వెళ్లి పెద్దవాళ్లని నేరుగా అడగడం మంచిదా?