బడులు తెరిచారు సరే, పిల్లలు ఏమంటున్నారు?

ఓరుగల్లు అమ్మ:
కరోనా వల్ల మూసిన బడులు తెలంగాణలో 2022 ఫిబ్రవరి 1న మళ్లీ తెరిచాక మా పాప మొదటిసారిగా తరగతి గదిలో కూర్చుంది. ఇప్పుడు రెండో తరగతి. ఒకటో తరగతి అంతా ఫోనులోనే గడిచిపోయింది. 2021 సెప్టెంబరులో తెరిచినప్పుడు మాకే ధైర్యం చాలలేదు. ఉదయం హుషారుగానే వెళ్తోంది గానీ, సాయంత్రం వచ్చాక ముభావంగా ఉంటోంది. మధ్యాహ్నం తన డబ్బాలోని పులిహోర పక్క పాపకు పెట్టబోతే టీచరు వారించారట. అప్పటినుంచి డబ్బా సగానికి పైగా అలాగే తిరిగి వస్తోంది. మీ పిల్లలు ఇల్లు విడిచి వెళ్లడానికి భయపడుతున్నారా, లేక వెళ్లాక అక్కడ ఇమడలేకపోతున్నారా?

గోదారి గట్టు:
మా ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఆగస్టు 16నే తెరిచారు, ఈ సంక్రాంతి తర్వాత మీలాగా సెలవులు పొడిగించనూ లేదు, కనుక మీరిప్పుడు పడుతున్నది మేము అప్పుడే పడ్డాం. మావాడు తొమ్మిదో తరగతి. అంతకుముందు ఏడాది బడివారు సమ్మతి పత్రం అడిగితే మేము సంతకం చేయలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్లలో వాడికి గొంతు మారింది, నూనూగు మీసం వచ్చింది. బడిలో మాస్కు తీయనంటే తీయనని భీష్మించుకున్నాడు. వ్యాధి భయమేమో అనుకున్నాం. తీరా చూస్తే, ఏడో తరగతిలో విడిపోయిన స్నేహితులు తన మొహం చూసి నవ్వుతారన్న బిడియమట!

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
మూడు దశాబ్దాలకు పైగా పిల్లల మధ్య గడిపినవాడిగా చెబుతున్నాను, ఇందులో వాదనకు తావు లేదు. పులిహోర విషయంలో ఆ టీచరు చేసినది ముమ్మాటికీ సరైన పని. ఎంగిలి చేతులతో ఒకరి డబ్బాలో ఒకరు చేయి పెడితే, రేపు ఏదైనా జరిగినప్పుడు నిలదీసేది మళ్లీ మీ తల్లిదండ్రులే. పిల్లలు నాలుగు రోజులకు అన్నీ మరిచిపోతారు; మరవనిది పెద్దలే.

పిల్లల వార్డు నర్సు:
అయ్యా, ఈ వ్యాధి ప్రధానంగా వ్యాపించేది గాలి ద్వారా. అన్నం ద్వారా కాదు. కిటికీలు మూసిన గదిలో అందరూ మాస్కులు తీసి ఒకేసారి తింటుంటే పట్టించుకోకుండా, ఒక ముద్ద పంచుకోవడాన్ని నేరంగా చూడటం ఏ జాగ్రత్త? వరండాలోనో చెట్టు కిందో కూర్చోబెడితే అంతకంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఏడేళ్ల పిల్లకు స్నేహం చేయడానికి తెలిసిన మార్గం అదొక్కటే. దాన్నీ మూసేశారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
అందరి బడికీ వరండాలు, చెట్లు ఉన్నాయని తమరికి ఎవరు చెప్పారు? మూడంతస్తుల అద్దె భవనంలో నడిచే బడులను తమరు చూసినట్టు లేదు. వార్డులో కూర్చుని తరగతి నడపడం తేలిక.

పిల్లల వార్డు నర్సు:
ఆ వార్డులో పీపీఈ కిట్టు వేసుకుని ఎన్ని రాత్రులు నిలబడ్డానో తమరికి తెలియదు కనుక ఆ మాటను వదిలేస్తున్నాను. అద్దె భవనమైతే కిటికీలు తెరవమనండి, విడతలుగా తినమనండి.

పాలమూరు పిన్ని:
డబ్బా గొడవలు డబ్బా తెచ్చుకునేవారికి. మా అక్క కూతురు గురుకులంలో చదువుతోంది. నిరుడు సెప్టెంబరులో మిగతా బడులు తెరిచినా, హైకోర్టు ఉత్తర్వు వల్ల గురుకులాలు అక్టోబరు దాకా తెరవలేదు. అన్నాళ్లూ తల్లి వెంట కూలికి వెళ్లింది, పత్తి ఏరి ఏరి వేళ్లు గీసుకుపోయాయి. ఈ జనవరిలో సెలవులు పొడిగించారని తెలియగానే, మళ్లీ చేనుకు వెళ్లాలా అని ఏడ్చింది. ఆ పిల్లకు భయం బడి తెరవడం గురించి కాదు, మూయడం గురించి. పిల్లలు నాలుగు రోజులకు మరిచిపోతారన్న పెద్దాయన ఒకసారి ఆ అమ్మాయిని అడిగి చూడాలి.

గోదారి గట్టు:
అందుకే మేము సంక్రాంతి తర్వాత మూయలేదు.

పాలమూరు పిన్ని:
మూయనిది మీరా, మీ ప్రభుత్వమా? సమ్మతి పత్రం మీద సంతకం చేయనని ఇందాక మీరే రాశారు కదా.

ఫ్రిస్కో నాన్న:
మాది టెక్సాస్. ఇక్కడ ప్రభుత్వ బడులు మాస్కు తప్పనిసరి చేయకూడదని 2021లోనే గవర్నరు ఉత్తర్వు ఇచ్చారు. తరగతిలో మాస్కుతో ఇంటి నుంచి బయలుదేరేది మా అమ్మాయి ఒక్కతే. అక్కడ గోదారి గట్టు వారి అబ్బాయి తీయనన్నాడు, ఇక్కడ మా అమ్మాయి కారు దిగగానే తీసి జేబులో పెట్టేస్తోంది. కారణం రెండుచోట్లా తోటివారి చూపే అనుకుంటాను.

అజ్ఞాత సభ్యురాలు:
రెండో వేవ్‌లో మా వారు పోయారు. పదిహేనేళ్లు నిండినవారికి జనవరి 3న టీకాలు మొదలవగానే పెద్దమ్మాయికి కోవాగ్జిన్ వేయించాను. చిన్నవాడికి తొమ్మిదేళ్లు, వాడికింకా టీకా లేదు. తనకు వేయలేదు కాబట్టి తాను బడికి వెళ్తే వ్యాధి ఇంటికి తెస్తానని, అప్పుడు అమ్మ కూడా పోతుందని వాడే లెక్క వేసుకున్నాడు. రోజూ సాయంత్రం వచ్చి, మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, తడి చేతులతోనే నా నుదురు ముట్టుకుని చూస్తాడు. కడుపునొప్పి అని బడి మానేసిన రోజుల్లో నేను గట్టిగా ఏమీ అనలేకపోతున్నాను. ఏమని నచ్చజెప్పాలో తెలిసినవారుంటే చెప్పండి.

పిల్లల వార్డు నర్సు:
అమ్మా, నీ వల్ల నాకేమీ కాదని ఒట్టు పెట్టకండి. మీకు జలుబు చేసిన రోజున ఆ మాట వాడి మీదే పడుతుంది. మీరు టీకా వేయించుకుని ఉంటే ఆ సర్టిఫికెట్ వాడికి చూపించండి. నాన్నకు వ్యాధి రావడానికి వాడు కారణం కాదని ప్రత్యేకంగా, వాడు అడగకపోయినా చెప్పండి. ఈ వయసు పిల్లలు అలాంటిది అనుకుని కూడా బయటికి చెప్పరు. క్లాస్ టీచరుకు ముందే చెబితే, మధ్యాహ్నం ఒకసారి మీతో ఫోనులో మాట్లాడిస్తారు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు:
ఫోను మాట్లాడించడానికి ఏ ప్రధానోపాధ్యాయుడూ కాదనడు. మా బడిలోనైతే నేనే మాట్లాడించేవాణ్ని. పులిహోర విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదు.

ఓరుగల్లు అమ్మ:
పాపను ఈరోజు మళ్లీ అడిగాను. ముభావంగా ఉంటున్నది టీచరు పెట్టవద్దన్నందుకు కాదట, మా పాప చేతి నుంచి తీసుకుంటే జబ్బు వస్తుందని పక్క పాప అందరిలో అందట. రేపు టీచరుతో మాట్లాడతాను, వీలైతే ఆ పాప వాళ్లమ్మతో కూడా.