అప్‌డేట్: ఐప్యాడ్లలో కెమెరా పంచాయితీ తెగింది

అనంతపురంలో మా ట్రైనింగ్ సెంటర్ ఐప్యాడ్లకు కెమెరా అనుమతిస్తూ కొత్త ప్రొఫైల్ (సెట్టింగ్స్, ఆంక్షలు ఉండే ఫైల్) పంపినా కెమెరా యాపే కనబడట్లేదని అడిగింటి కదా, అది తెగింది.

చివర్న వచ్చిన ప్రొఫైల్ మాటే చెల్లుతుందనే లెక్క ఇక్కడ లేదు. ఆంక్షల్లో ఏది గట్టిదైతే అదే. ఇంట్లో నాయన సరేనన్నా అవ్వ వద్దంటే సినిమాకు పోలేం, అట్లా. పాస్‌కోడ్‌దీ ఇదే కథ: ఒకటి 4 అంకెలు చాలంటే, ఇంకోటి 6 కావాలంటే, 6 పెట్టాల్సిందే. వైఫై మాత్రం వేరు, రెండు ప్రొఫైళ్లలోని నెట్‌వర్క్‌లూ పక్కపక్కనే ఉంటాయి.

సెట్టింగ్స్‌లో జనరల్ కింద VPN & డివైస్ మేనేజ్‌మెంట్ తెరిస్తే, పరీక్షలప్పుడు కెమెరా ఆపేందుకు పెట్టిన పాత ప్రొఫైల్ అట్లే కూర్చోనుంది. ఐప్యాడ్లకు ప్రొఫైళ్లు పంపే సర్వర్ నుంచి దాన్ని తీసేయగానే కెమెరా వచ్చేసింది. సర్వర్‌లో ఆ ప్రొఫైల్‌ను ఐప్యాడ్ల గ్రూపుకు అసైన్ చేసింటే అదీ తీసేయండప్పా, లేకుంటే మళ్లీ దిగుతుంది.