ముల్లంగి, కొత్తిమీర అన్నీ ఒకేసారి వచ్చి పడుతుండాయి. మీరు ఎన్ని రోజులకోసారి చల్లుతుండారు?

నెల్లూరు_మిద్దె: మాది మాగుంట లేఅవుట్ పక్కన. మిద్దె మీద 12 టబ్బులు. పోయినేడు దసరా అయిన వారంలో ఎర్ర ముల్లంగి, కొత్తిమీర, లెట్యూస్, కీరా అన్నీ ఒకేరోజు చల్లేశా. నెల తిరిగేసరికి నలభై ముల్లంగులు ఒక్కసారే ఊరినాయి. ఇంట్లో ఉండేది ముగ్గురం. సాంబారు, పెరుగుపచ్చడి, మళ్లీ సాంబారు. నాలుగోరోజుకి పిల్లోడు కంచం దగ్గరికే రాలా. మిగిలినవి బెండుబారి పోయినాయి. ఆ తర్వాత సంక్రాంతి దాకా టబ్బులు ఖాళీ. ఈసారి విడతలుగా చల్లుదామని. ఏది ఎన్నాళ్లకి? బోరునీళ్లకి లెట్యూస్ వస్తుందా? నవంబరు వానలకి ఏం చేస్తుండారు?

కావలి_టీచరమ్మ: ముల్లంగి వారానికో టబ్బు, అంతే బాబూ. ఎర్రది 25–30 రోజుల్లో పీకెయ్యాలి, ఆగితే బెండే. నాలుగైదు టబ్బులు తిప్పుకుంటే చాలు. నేను ఐస్‌క్రీం పుల్ల మీద తేదీ రాసి గుచ్చుతా, లేకపోతే ఏది ఎప్పుడు చల్లానో నాకే తెలీదు. కొత్తిమీర పదిరోజులకోసారి. ధనియాలు చెప్పుతో నలిపి బద్దలు చేసి చల్లండి.

ఒంగోలు_గిత్త: చెప్పుతోనా! తినే వస్తువండీ అది. నేను నలపను, ఏమీ చేయను. గుప్పెడు తీసి విసిరేస్తా. బ్రహ్మాండంగా వస్తుంది.

విత్తనాల_అంగడి: 18 ఏళ్లుగా విత్తనాలు అమ్ముతుండా, కొంచెం నన్ను చెప్పనీయండి. ధనియం గింజ కాదు, కాయ. లోపల రెండు గింజలుంటాయి. విడగొడితే నీళ్లు తొందరగా పడతాయి, ఒకేచోట రెండు మొక్కలు పోటీపడవు. అయితే గట్టిగా తొక్కితే పప్పు చితికి మొలకే రాదు. చపాతీ కర్రతో పైపైన దొర్లించి, రాత్రంతా నానబెట్టండి. కిరాణా కొట్టు ధనియాలు చల్లి మొలవలేదని నా దగ్గరికి మాత్రం రావద్దు.

ఒంగోలు_గిత్త: ఆ, వచ్చింది అసలు మాట! మీ దగ్గరే కొనాలనేగా? మా వీధి కొట్లో పావుకిలో కొని మూడేళ్లుగా అవే చల్లుతున్నా.

విత్తనాల_అంగడి: మూడేళ్ల ధనియాలా? అందుకేనా మొన్న మీరు పెట్టిన ఫోటోలో టబ్బు బట్టతలలాగ ఉండింది.

ఒంగోలు_గిత్త: ఫోటో జోలికి రావద్దు. ఆ టబ్బుని పిల్లి తవ్వింది.

కావలి_టీచరమ్మ: ధనియాలకోసం చెప్పు విడిగా పెట్టా, కొత్తది, కాలికి తొడిగింది కాదు. ఇంక వదిలేయండి.

టంగుటూరు_ఉప్పునీళ్లు: చెప్పుల గోలలో నీళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. మా బోరునీళ్లకి టబ్బు అంచున తెల్లటి పెచ్చు కడుతుంది. గోరుతో గీస్తే ఊడొస్తుంది, నాలిక మీద పెడితే ఉప్పే. ఈ నీళ్లు పోస్తే లెట్యూస్ ఆకు అంచులు మాడిపోయినాయి, క్యారెట్ మొలిచినట్టే మొలిచి పోయింది. బీట్‌రూట్, పాలకూర తట్టుకున్నాయి. ఇప్పుడు డ్రమ్ములో వాననీళ్లు పట్టి లెట్యూస్‌కి దాస్తా. మా ఆవిడ ఆ నీళ్లతోనే తల రుద్దుకుంటానని గొడవ.

ఫ్రిజ్_రైతు: లెట్యూస్‌కి నీళ్లకన్నా ముందు ఎండ దెబ్బ. 30 డిగ్రీలు దాటితే గింజ నిద్రపోతుంది, మన అక్టోబరు ఎలా ఉంటుందో చెప్పాలా? తడిగుడ్డలో చుట్టి మూడురోజులు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లాక మన్ను కప్పొద్దు, దానికి వెలుతురు తగలాలి. రెండువారాలకో విడత, జనవరితో ఆపేయండి. తర్వాత కాడ సాగి ఆకు చేదెక్కుతుంది. మొదటిసారి పెట్టిన గుడ్డని మా అత్తగారు కుళ్లిందనుకుని బయట పారేశారు. రెండోసారి డబ్బా మీద పేరు రాశా.

ఒంగోలు_గిత్త: లెట్యూస్ ఎవరు తింటారు సామీ, మేకలు తప్ప. గోంగూర వేసుకోండి, విడతలూ వద్దు, ఫ్రిజ్జూ వద్దు. గిల్లేకొద్దీ వస్తుంది.

కావలి_టీచరమ్మ: ఎర్రకాడ గోంగూరా, తెల్లదా? మాకు ఎర్రకాడ గింజ దొరకడం లేదు.

విత్తనాల_అంగడి: టీచరుగారూ, మెసేజ్ పెట్టండి. వానల సంగతి అడిగినాయన కోసం: స్వాతి, విశాఖ కార్తెల్లో చిన్నగింజ ఆరుబయట చల్లొద్దు. మనకి ఈశాన్యం వానలే అసలు వానలు. ట్రేలో పోసి సన్‌షేడ్ కింద పెట్టుకోండి. ముల్లంగి ట్రేలో వద్దు, పీకి నాటితే దుంప వంకర.

నెల్లూరు_మిద్దె: ఇది నిజం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు మాత్రం అంతకుముందు నుంచే కుండపోత. టబ్బు బెజ్జాలకి వేపాకులు అడ్డంపడి, పైకి వెళ్లి చూస్తే కొత్తిమీర మొలకలు నీళ్లలో తేలతా ఉండినాయి. సరే, కీరా సంగతి ఎవరూ చెప్పలా.

ఫ్రిజ్_రైతు: మొదటి తీగ పూతకొచ్చినరోజు రెండోది పెట్టండి. ముందొచ్చేవి మగపూలు, రాలిపోతుంటే కంగారుపడొద్దు. ఎండల్లో నీళ్లు తప్పితే కాయ చేదు.

నెల్లూరు_మిద్దె: మంచిది. ధనియాలు ఇప్పుడే నలిపా. చపాతీ కర్ర ఇంట్లో ఇవ్వలా, చెప్పుతోనే కానిచ్చా.

ఒంగోలు_గిత్త: పిల్లి తవ్వకుండా ఏం వేస్తుండారో ఒక్కరన్నా చెప్పండబ్బా.