అంబాసిడర్ 1489 సీసీకి ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) నుంచి తీసిన హెచ్‌ఎస్ 4 కార్బొరేటర్ పనికొస్తుందా?

పాతబండి_బెజవాడ:
మార్క్ 3 పెట్రోల్ బండి. ఉన్నది ఎస్‌యూ కంపెనీ హెచ్‌ఎస్ 2 కార్బొరేటర్, గొంతు 1¼ అంగుళాలది. స్పిండిల్ (లోపలి గాలి తలుపు తిరిగే కడ్డీ) వదులై అటూ ఇటూ ఆడుతోంది, ఐడిలింగ్ నిలవట్లేదు. ఇంగ్లండ్‌లో ఎంజీబీ జత కార్బొరేటర్లలోంచి ఒక్కటి, 1½ అంగుళాల హెచ్‌ఎస్ 4, అమ్మకానికి ఉంది. కొనేముందు ఏం చూడాలి? తెచ్చి బిగించేస్తే నడుస్తుందా?

లేత్‌మామ:
అలాగే బిగించలేరండీ. హెచ్‌ఎస్ 2కి రెండు స్టడ్లు, హెచ్‌ఎస్ 4కి నాలుగు. కార్బొరేటర్‌కీ మానిఫోల్డ్‌కీ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టం) మధ్యలో అల్యూమినియం ప్లేటు చేయించాలి. లోపలి రంధ్రం 38 మి.మీ. నుంచి 32కి ఏటవాలుగా దిగాలి. మెట్టులా వదిలేస్తే పెట్రోల్ అక్కడ తడిగా పేరుకుంటుంది. వేడి తగలకుండా ఉండే స్పేసర్ మాత్రం తీసేయకండి. మీ బండిలోని బీ సిరీస్ ఇంజన్‌కి ఎగ్జాస్ట్ కూడా అదే వైపు కాబట్టి అది లేకపోతే ఎండాకాలం ట్రాఫిక్‌లో ఫ్లోట్ బౌల్లో (పెట్రోల్ నిలవుండే గిన్నె) పెట్రోల్ మరిగిపోతుంది.

కొనేముందు స్పిండిల్‌ని పైకీ కిందికీ ఊపించి వీడియో అడగండి. మీ కార్బొరేటర్‌కి ఉన్న రోగమే దానికీ ఉంటే డబ్బు దండగ. డాష్‌పాట్ (పైనున్న గుమ్మటం), అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్ జత మారి ఉండకూడదు. పిస్టన్ రంధ్రాలు మూసి, తలకిందులుగా పట్టుకుంటే డాష్‌పాట్ జారడానికి 5–7 సెకన్లు పట్టాలి. మీ 1¼ దానికైతే 3–5. కొన్ని ఎంజీబీ వాటికి బటర్‌ఫ్లైలోనే (స్పిండిల్ మీద తిరిగే గాలి తలుపు డిస్క్) చిన్న స్ప్రింగ్ వాల్వు ఉంటుంది. ఆ స్ప్రింగ్ బలహీనపడితే ఐడిల్ ఎంత తగ్గించినా దిగదు, మామూలు డిస్క్ వేసేయడమే మంచిది. బిగించాక ఫ్లోట్ బౌల్ నిటారుగా నిలుస్తుందో లేదో కూడా ముందే చూసుకోండి.

జెట్090:
అసలు కష్టం నీడిల్‌తో, అంటే పిస్టన్ కింద ఉండి పెట్రోల్ కొలిచే సూదితో. ఎంజీబీలో ఒక్కో కార్బొరేటర్ రెండు సిలిండర్లకే, అంటే సుమారు 900 సీసీకి గాలి ఇస్తుంది. ఇక్కడ నాలుగింటికీ ఒక్కటే. గాలి లాగే తీరు వేరు కాబట్టి అందులో వచ్చిన నీడిల్ సరిపోతుందని నమ్మొద్దు. జెట్ (నీడిల్ దిగే పెట్రోల్ రంధ్రం) హెచ్‌ఎస్ 2, హెచ్‌ఎస్ 4 రెండింటికీ 0.090 అంగుళాలే, కాబట్టి నీడిల్ ఒక్కటి మార్చుకుంటే చాలు. మొదట్లో స్ప్రింగ్ ఉన్న నీడిలైతే జెట్ సెంటరింగ్ (జెట్‌ని సరిగ్గా నీడిల్ చుట్టూ మధ్యకి తేవడం) అక్కర్లేదు. స్థిరమైనదైతే తప్పనిసరి: పిస్టన్ వదిలితే జెట్ పైన ఉన్నా కింద ఉన్నా ఒకేలా టక్‌మని పడాలి.

సెట్టింగ్: జెట్‌ని బ్రిడ్జి (పిస్టన్ కింద గొంతులో ఎత్తుగా ఉన్న భాగం) మట్టానికి తెచ్చి, జెట్ కింది నట్టుని 12 ఫ్లాట్లు (నట్టు ఆరు ముఖాల్లో ఒక్కోటి ఒక ఫ్లాట్), అంటే రెండు పూర్తి చుట్లు, కిందికి తిప్పండి. ఇంజన్ వేడెక్కాక లిఫ్టింగ్ పిన్‌తో పిస్టన్‌ని 0.8 మి.మీ. లేపండి. స్పీడు పెరిగి అలాగే ఉంటే రిచ్ (పెట్రోల్ ఎక్కువ), ఆగిపోబోతే లీన్ (పెట్రోల్ తక్కువ), కొంచెం పెరిగి మళ్లీ కుదురుకుంటే సరి. ఇప్పటి ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌కి మరో ఫ్లాటో రెండో కిందికి పోవాల్సి రావచ్చు. ఐడిల్ బాగుండి, ఎక్కుడులో కార్బొరేటర్ వెనక్కి తన్నితే చోక్ కాస్త లాగి చూడండి. బండి హాయిగా లాగితే నీడిల్ ఆ మధ్యభాగంలో లావైనట్టే.

పాతబండి_బెజవాడ:
ప్లగ్గులూ చూసుకుంటాను. పిస్టన్ స్ప్రింగ్ మార్చి మిక్స్చర్ సరిచేయొచ్చా? డాష్‌పాట్‌లో ఏ ఆయిల్?

జెట్090:
గట్టి స్ప్రింగ్ వేస్తే పిస్టన్ కిందే ఉండి మొత్తం రిచ్ అవుతుంది. రంగుని బట్టి స్ప్రింగ్ బలం: నీలం 2.5, ఎరుపు 4.5, పసుపు 8 ఔన్సులు. ఎరుపుతో మొదలుపెట్టి దాన్ని కదపకుండా నీడిల్ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే దేని ఫలితమో తెలీదు. ఆయిల్ ఎస్‌ఏఈ 20. డ్యాంపర్ (డాష్‌పాట్ మూతకి ఉండే కడ్డీ) దింపేటప్పుడు మూత ఇంకా 6 మి.మీ. పైన ఉండగానే బిగువు తగలాలి.

లేత్‌మామ:
ఒక మాట. మానిఫోల్డ్ 32 మి.మీ. ఉన్నంత కాలం పెద్ద కార్బొరేటర్‌తో పికప్ పెద్దగా పెరగదు. మీ హెచ్‌ఎస్ 2కే బుష్‌లు వేయించుకోవడం తెలివైన పని. బాడీలో స్పిండిల్ రంధ్రాలు రెండు వైపులా ఒకే సెట్టింగ్‌లో రీమ్ చేయాలి (నున్నగా పెద్దవి చేయాలి), విడివిడిగా చేస్తే స్పిండిల్ పట్టేస్తుంది. బటర్‌ఫ్లై స్క్రూల చీలిన కొనలు ముందు దగ్గరికి నొక్కి తర్వాతే విప్పండి. బిగించేటప్పుడు కొత్త స్క్రూలు వేసి కొనలు విడదీయాలి, లేకపోతే అవి నేరుగా సిలిండర్‌లోకి పోతాయి. హెచ్‌ఎస్ 4 వేస్తే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచేది) వాక్యూమ్ గొట్టానికి దాని మీద పోర్టు ఉందో లేదో చూసుకోండి. ఆ గొట్టాన్ని మానిఫోల్డ్‌కి కలిపితే ఐడిల్‌లోనే టైమింగ్ ముందుకు జరిగిపోతుంది.