అప్‌డేట్: పిల్లల సెయిలింగ్ బ్యాచ్ పెరిగింది, కొత్త పడవలు కొనాలా?

హుస్సేన్‌సాగర్‌లో బోల్తాపడిన ఆప్టిమిస్ట్ (పిల్లలు నడిపే చిన్న తెరచాప పడవ) పడవల్లో నీళ్లు ఎంత తోడినా తగ్గడం లేదని, ఇంకా పిల్లలు చేరుతున్నారు కాబట్టి కొత్తవి కొనాలా అని అడిగాను. కొనక్కర్లేదు. మీలో ఇద్దరు చెప్పినట్టు లోపం పడవను తేల్చి ఉంచే గాలి సంచుల్లోనే ఉంది.

ఒక్కో పడవలో మూడు సంచులుంటాయి. అవి మెత్తబడినా, పట్టీలు వదులైనా నీళ్లు నిండిన పడవ బాగా కిందికి దిగుతుంది. డాగర్‌బోర్డ్ (పడవ అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) దూర్చే గూడు పైఅంచు మునిగి, తోడిన నీళ్లు ఆ సందులోంచే మళ్లీ లోపలికొస్తాయి. పిల్లలు అలిసిపోయి భయపడేది అక్కడే.

ఇప్పుడు సాయంత్రం నీడలో గాలి నింపి, పొద్దున నొక్కి చూస్తున్నాం. మెత్తబడితే మూత దగ్గర, అతుకుల మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలొస్తాయి. తర్వాత ఒడ్డు దగ్గర పడవ నిండా నీళ్లు పోసి, ఒకరిని కూర్చోబెట్టి చూడాలి: గూడు అంచు నీటిపైన ఉంటేనే పాస్. తోడే డబ్బాను తాడుతో కట్టడం, తెరచాప స్తంభం జారిపోకుండా లాక్ చేయడం తప్పనిసరి.

కొత్తవాళ్లలో చిన్నపిల్లల్ని పడవకు ఇద్దరు చొప్పున ఎక్కిస్తున్నాం. ఒంటరిగా నడిపేవాళ్లు ఆరుగురు దాటితే రెండో కోచ్ కావాల్సిందే. పడవలకంటే ముందు వెతకాల్సింది ఆ కోచ్‌నే.